మెక్లియోడ్‌గంజ్ రాతి చర్చి (సెయింట్ జాన్ ఇన్ ద వైల్డర్‌నెస్): బెజవాడ నుంచి ఎలా వెళ్ళాలి, అక్కడ ఏం చూడాలి?

బ్రాడీపేట_4వలైన్
అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి పన్నెండు మందిమి ఏప్రిల్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల వెళ్దామనుకుంటున్నాం. అరవై దాటినవాళ్ళు అయిదుగురు ఉన్నారు. మెక్లియోడ్‌గంజ్ దగ్గర దేవదారు అడవిలో ఉన్న రాతి చర్చి చూడటమే అసలు పని, మిగతావి కుదిరితే చూస్తాం. ట్రావెల్స్ వాళ్ళు ఇచ్చిన ప్లాన్‌లో చర్చికి ఇరవై నిమిషాలు రాశారు. అది సరిపోతుందా? రైలు ఏది మంచిది, పెద్దవాళ్ళకి నడక ఎంత పడుతుంది, లోపల దేన్ని వదలకుండా చూడాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

కొండదారి
ఇరవై నిమిషాలు గేటు దగ్గర ఫోటోకే అయిపోతాయండీ. కనీసం రెండు గంటలు పెట్టుకోండి.

ముందు రైలు సంగతి. గుంటూరు నుంచి నేరుగా లేదు, విజయవాడ వచ్చి ఎక్కాలి. రెండు దారులున్నాయి.

మొదటిది అండమాన్ ఎక్స్‌ప్రెస్. చెన్నై నుంచి కట్రా వెళ్ళే బండి, విజయవాడ మీదుగా పోతుంది, మీరు పఠాన్‌కోట్ కంటోన్మెంట్‌లో దిగుతారు. మారే పని లేదు, సామాను ఒకసారి ఎక్కిస్తే దిగేటప్పుడే తీయడం. కానీ రోజూ ఉండదు, రెండు రాత్రులు బండిలోనే గడవాలి, ఆలస్యం కూడా మామూలే. కాబట్టి పఠాన్‌కోట్‌లో బండి దిగిన పూటే చర్చి చూద్దామని పెట్టుకోవద్దు.

రెండోది ఢిల్లీ వరకు ఏపీ ఎక్స్‌ప్రెస్ గానీ, తమిళనాడు ఎక్స్‌ప్రెస్ గానీ. అక్కడ ఒక పూట ఆగి, రాత్రికి జమ్ము వైపు వెళ్ళే రైలు పట్టుకుని పఠాన్‌కోట్‌లో దిగాలి. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి రాత్రి వోల్వో బస్సులు నేరుగా ధర్మశాలకే ఉన్నాయి గానీ, తెల్లవారుజామున ఘాట్ మలుపుల్లో పెద్దవాళ్ళు నలిగిపోతారు. మీ గుంపుకి రైలే నయం.

పఠాన్‌కోట్‌లో స్టేషన్లు రెండు: జంక్షన్ ఒకటి, కంటోన్మెంట్ ఒకటి. రెంటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దూరం. వ్యాను మాట్లాడేటప్పుడు ‘కంటోన్మెంట్’ అని గట్టిగా చెప్పండి. డ్రైవరు ఒక స్టేషన్లో, మీరు ఇంకో స్టేషన్లో నిలబడటం అక్కడ తరచూ జరిగేదే. అక్కడి నుంచి ధర్మశాల 85–90 కిలోమీటర్లు, టెంపో ట్రావెలర్‌లో మూడు గంటల పైనే.

ధర్మశాల ఉన్న కాంగ్రా లోయలో తిరిగే చిన్న రైలు (1929లో వేసిన నారోగేజ్, 164 కిలోమీటర్లు) ఎక్కుదామని ఎవరైనా అంటే, దాన్ని నమ్ముకుని మిగతా ప్లాన్ కట్టొద్దు. 2022 ఆగస్టు వరదకి పఠాన్‌కోట్ దగ్గర చక్కీ వంతెన కూలి ఆ లైను తెగింది. మీరు వెళ్ళే వారంలో ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తోందో చూసుకున్నాకే మాట.

పటమట_పద్మ
టికెట్ల దగ్గర ఒక జాగ్రత్త. లోయర్ బెర్త్ కోటా మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 దాటితే వస్తుంది. అయితే ఒక టికెట్ మీద ఒకరు గానీ ఇద్దరు గానీ ఉండాలి. పెద్దవాళ్ళు అయిదుగురినీ ఒకే టికెట్ మీద వేస్తే ఆ కోటా తగలదు, కుర్రాళ్ళని కలిపినా అంతే. ఇద్దరు, ఇద్దరు, ఒకరుగా విడగొట్టి చేయండి. మిగతా ఏడుగురికీ ఒక టికెట్ కుదరదు, ఆన్‌లైన్‌లో ఆరుగురికే హద్దు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి ఆ రోజు ఎనిమిదింటికల్లా కూర్చోవాలి.

ఇంకోటి: ఏప్రిల్, మే నెలల్లో ధర్మశాల స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ పడిందంటే గదులు దొరకవు, రోడ్డు కదలదు. షెడ్యూల్ చూశాకే తేదీ ఖాయం చేయండి.

రాతికట్టుడు
రెండు గంటలు ఎందుకో నేను చెప్తాను. ఆ ఆవరణలో మూడు తేదీలున్నాయి. 1863లో ఒక వైస్రాయ్ సమాధి, 1905లో భూకంపం, 1915లో గంట. వీటిని వరసగా చూస్తే ఆ కట్టడం ఎందుకు అలా మొండిగా కనిపిస్తుందో అర్థమవుతుంది. లేకపోతే ‘పాత చర్చి, చుట్టూ చెట్లు’ అని వచ్చేస్తారు.

కట్టింది 1852లో, గోతిక్ పద్ధతిలో, చెక్కిన బూడిదరంగు రాయితో. మన కృష్ణ ఆనకట్ట పని సీతానగరం దగ్గర మొదలైంది కూడా 1852లోనే. సిమెంటు అన్న మాట మన మేస్త్రుల చెవిన పడని రోజులు. అక్కడా ఇక్కడా నమ్ముకున్నది రాయినీ సున్నాన్నీ.

1905 ఏప్రిల్ 4, తెల్లవారి ఆరు దాటాక కాంగ్రా భూకంపం వచ్చింది. తీవ్రత 7.8, దాదాపు ఇరవై వేల మంది చనిపోయారు. కాంగ్రా కోట కూలింది, వజ్రేశ్వరి ఆలయం నేలమట్టమైంది. ఈ చర్చిలో గంట గోపురం పడిపోయింది, అసలు మందిరం నిలబడింది. ఒకే రాయి, ఒకే సున్నం, ఒకే పునాది నేల. ఒకటి పడి ఇంకొకటి ఎందుకు నిలిచింది?

నేల కదిలినప్పుడు గోడ మీద పడే బలం దాని బరువుని బట్టి ఉంటుంది. ఆ ఊపు పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. గోపురం సన్నగా, ఎత్తుగా ఉంటుంది, బరువంతా పైన. గంట శబ్దం బయటికి పోవాలని సరిగ్గా ఆ పై అంతస్తులోనే నాలుగు వైపులా పెద్ద కంతలు వదులుతారు. అంటే బలం ఎక్కువ కావలసిన చోటే గోడ తక్కువ. రాతికట్టుడు నొక్కుడుకి ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడికి మాత్రం నిలవదు. గోపురం ఒక పక్కకి ఒరిగినప్పుడు రెండో పక్క రాళ్ళు విడివడతాయి, మళ్ళీ వెనక్కి వచ్చేసరికి అవి తమ చోట ఉండవు. పైగా పొట్టి మందిరం ఒక వేగంతో ఊగుతుంది, పొడుగు గోపురం ఇంకో వేగంతో. రెండూ కలిసే మూల దగ్గరే మొదటి పగులు వస్తుంది.

మందిరం పొట్టిగా ఉంది, గోడలు మందం, బరువు కిందే ఉంది. అందుకే నిలిచింది.

మీరు వెళ్ళినప్పుడు చేయవలసింది: ముందు లోపలికి పోవద్దు. కట్టడం చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు గీత ఎక్కడ హఠాత్తుగా ఆగిపోయిందో చూడండి. గోపురం లేని లోటు అక్కడ కంటికి దొరుకుతుంది. తర్వాత ఆవరణలో కింద పెట్టిన గంట దగ్గరికి రండి. లండన్‌లో మియర్స్ అండ్ స్టెయిన్‌బ్యాంక్ వాళ్ళు 1915లో పోసింది, బిగ్ బెన్ గంట పోసిన కార్ఖానాయే. గోపురం మళ్ళీ లేపలేదు, గంట నేల మీదే ఉంది. భూకంప ప్రమాదం బాగా ఎక్కువని గుర్తించిన జోన్ 5లో అది తెలివైన పనే అంటాను. గంట ఊగితే ఆ తోపుడు కూడా గోపురమే మోయాలి కదా.

గంటని రాయితోనో తాళంచెవితోనో కొట్టి చూడొద్దని పిల్లలకి ముందే చెప్పండి. గంట కంచులో నూటికి ఇరవై పాళ్ళ పైన తగరం ఉంటుంది. మోగుడు దానివల్లే, పెళుసుతనమూ దానివల్లే. గట్టి దెబ్బకి సన్న పగులు పడితే ఆ గొంతు మళ్ళీ రాదు.

కృష్ణలంక_కుర్రాడు
అన్నా, జోన్ 5 అంటే మనది ఎంత? మన ఊళ్ళో పాత రాతి గోడలకీ ఇదే లెక్కా?

రాతికట్టుడు
భూకంపాల మీద భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) పటంలో విజయవాడ, గుంటూరు రెండూ జోన్ 3, తమ్ముడూ. కాంగ్రా జోన్ 5. లెక్క అదే, తీవ్రతే తేడా.

పాత రాతి గోడ రెండు పొరలుగా కడతారు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్ళూ సున్నమూ నింపుతారు. ఊపు వస్తే ఆ రెండు పొరలు విడిపోయి పొట్ట ఉబ్బినట్టు బయటికి వస్తాయి. రెంటినీ పట్టి ఉంచడానికి గోడ మందం అంతా పట్టే పొడుగు రాళ్ళు అక్కడక్కడా అడ్డంగా వేయాలి. ఇలాంటి గోడల మీద ఉన్న ప్రమాణం ఐఎస్ 13828 ప్రకారం ప్రతి 600 మిల్లీమీటర్ల ఎత్తుకి ఒక వరస, ఆ వరసలో 1.2 మీటర్లకి మించని ఎడం. మీ వీధిలో పాత గోడ ఏదైనా పొట్ట తెచ్చుకుని కనిపిస్తే ఈ రాళ్ళు లేవనుకోవచ్చు.

చర్చి గోడ దగ్గర నిలబడినప్పుడు రాళ్ళ మధ్య సందులు కూడా చూడండి. తెల్లగా, కాస్త లోపలికి ఉంటే పాత సున్నం. బూడిదరంగులో గట్టిగా, రాయి మీదికి పొంగినట్టు ఉంటే తర్వాత ఎవరో పూసిన సిమెంటు. ధర్మశాలలో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది, మనకి దాదాపు మూడింతలు. గోడ పీల్చిన నీళ్ళు సున్నం సందుల్లోంచి ఆరిపోతాయి. సిమెంటు ఆ దారి మూసేస్తే నీళ్ళు రాతిలోంచే బయటికి రావాలి. చలికాలంలో ఆ తడి గడ్డకట్టి ఉబ్బితే రాయి ముఖం పెచ్చులుగా ఊడుతుంది. ఇది ఆ ఒక్క చర్చి గొడవ కాదు, మన దగ్గర వందేళ్ళ చర్చిలకి ‘రిపేరు’ పేరుతో సిమెంటు పట్టించే ప్రతిచోటా ఇదే. సంఘ పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆలోచించండి: పాత సున్నాన్ని సందు వెడల్పుకి రెండింతల లోతు చేత్తో గీకి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుకతో నింపి, వారం రోజులు తడి గోనె కప్పి ఉంచాలి. గ్రైండర్ పెట్టి కోస్తే రాయి అంచులు పోతాయి.

సీసం_గాజు
లోపలి సంగతి నేను చెప్తాను. బలిపీఠం వెనక కిటికీలో బెల్జియం రంగుటద్దాలున్నాయి, బాప్తిస్మమిచ్చు యోహాను, యేసు బొమ్మలతో. భర్త జ్ఞాపకార్థం లేడీ ఎల్గిన్ ఇచ్చినవి. చర్చి పేరే ఆ యోహానుది.

రంగుటద్దం చూడటానికీ ఒక పద్ధతి ఉంది. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఏమీ తెలియదు. బెంచీ మీద అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక రంగు తేరుకుంటుంది. లోపల లైట్లు వెలుగుతుంటే అద్దం మీద ఆ కాంతి పడి రంగు వెలిసినట్టు కనబడుతుంది. సన్న మబ్బున్న రోజు నిజానికి మేలు. కిటికీ అంతటా వెలుతురు ఒకే తీరుగా వస్తుంది, ఎండైతే దేవదారు కొమ్మల నీడలు మచ్చలుగా పడతాయి.

దగ్గరికి వెళ్ళాక ముఖాలూ బట్టల మడతలూ చూడండి. ఎరుపు, నీలం గాజు కరిగినప్పుడే కలిసిన రంగు. ముఖం మీది గీతలు, నీడలు మాత్రం లోహపు పొడితో చేసిన రంగుని గాజు మీద పూసి బట్టీలో కాల్చినవి. పసుపు ఇంకో దారి, వెండి ఉప్పు పూసి కాలిస్తే వస్తుంది. ముక్కల్ని పట్టి ఉంచే నల్ల గీతలు సీసం పట్టీలు, అడ్డంగా కోస్తే ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరం ఆకారంలో ఉంటాయి. సీసం మెత్తన. వందేళ్ళు దాటేసరికి అలసిపోయి, పలక తన బరువుకి తానే కిందికి జారి మధ్యలో ఉబ్బుతుంది. అలాంటి పలక మీద వేలు పెట్టి నొక్కినా గాజు విరగొచ్చు. కాబట్టి తాకడం అసలు వద్దు, పిల్లల్ని ఎత్తి కిటికీ దగ్గర పెట్టడమూ వద్దు.

ఫోటోకి ముందు అక్కడున్నవాళ్ళని అడగండి, వద్దంటే వదిలేయండి. సరేనంటే ఫ్లాష్ ఆపి, ఫోన్ తెర మీద అద్దం కనిపించే చోట నొక్కి, అక్కడ వచ్చే వెలుతురు (ఎక్స్‌పోజర్) గీతని బాగా కిందికి జరపండి. గోడ నల్లగా పోతుంది, పోనివ్వండి. గోడా అద్దమూ రెండూ రావాలంటే అద్దం తెల్లబడుతుంది.

పటమట_పద్మ
మేడమ్, చెప్పులు? మన దగ్గర చాలా చర్చిల్లో బయటే విడుస్తాం కదా.

సీసం_గాజు
అక్కడివాళ్ళు ఏం చేస్తే అదే చేయండి. ఎలాగైనా పెద్దవాళ్ళకి మందం సాక్సులు వేయించండి, ఏప్రిల్‌లో కూడా నేల చల్లగా ఉంటుంది. అది చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా వాళ్ళ చర్చి, మన సీఎస్ఐకి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఉత్తరాది తోబుట్టువు అనుకోండి. 1970లో నాగపూర్‌లో ఏర్పడింది, సీఎస్ఐ 1947లో. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుంది. పాల్గొనాలంటే మొదలయ్యే ముందే వెళ్ళి చివరిదాకా ఉండండి. చూడటానికే అయితే ఆదివారం ఉదయం వదిలి వేరే రోజు వెళ్ళండి. ఆరాధన మధ్యలో పన్నెండు మంది కిటికీ చూడటానికి బెంచీల మధ్య దారిలో తిరిగితే బాగుండదు.

శాసనాల_పిచ్చి
సమాధులని ఎవరూ తలవలేదేం? నా లెక్కలో సగం చరిత్ర అక్కడే ఉంది.

ఆవరణలో పెద్దది ఎల్గిన్ సమాధి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. జేమ్స్ బ్రూస్, ఎనిమిదో ఎర్ల్ ఆఫ్ ఎల్గిన్. 1862లో వైస్రాయ్‌గా వచ్చి, ఆ మరుసటి ఏడాది పర్యటనలో చంద్రా నది మీద తాళ్ళ వంతెన దాటాక గుండెజబ్బు ముదిరి, 1863 నవంబర్ 20న ధర్మశాలలో చనిపోయాడు. అంతకుముందు కెనడాకి గవర్నర్ జనరల్. 1860లో పెకింగ్‌లో చైనా చక్రవర్తి వేసవి భవనాన్ని తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చింది ఈయనే. ఏథెన్సు నుంచి పార్థెనాన్ ఆలయ శిల్పాలు ఊడదీయించి లండన్ చేర్చిన ఎల్గిన్ ఈయన తండ్రి. సమాధి ముందు నిలబడి పిల్లలకి ఇవన్నీ చెప్పండి, పొగడ్త రాతొక్కటే చదివి రావద్దు.

మిగతా రాళ్ళ మీద 1905 ఏప్రిల్ తేదీలు వెతకండి. రాతికట్టుడు గారు చెప్పిన భూకంపం పేర్లతో సహా అక్కడ దొరుకుతుంది. విరిగిన స్తంభం ఆకారంలో రాయి ఉంటే అది పగిలింది కాదు, అలాగే చెక్కింది. అర్ధాయుష్షుతో పోయారని గుర్తు.

అరిగిన అక్షరాలు చదవడానికి ఒక్కటే పద్ధతి: పక్క నుంచి వెలుతురు. ఫోన్ టార్చి రాయికి దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి, అక్షరాల గాడిలో నీడ పడి చదవగలుగుతారు. ఎదురుగా వేస్తే అంతా చదునుగా కనిపిస్తుంది. ఒకరు టార్చి పట్టుకోవాలి, ఇంకొకరు ఫోటో తీయాలి. సుద్ద రుద్దడం, పిండి చల్లడం, నాచుని గోటితో గీకడం చేయొద్దు. నాచు వేళ్ళు రాతి పైపొరలో ఉంటాయి, గీకితే అక్షరం కూడా దానితో పోతుంది. తడిసిన రోజు రాళ్ళ మధ్య గడ్డి జారుతుంది, పెద్దవాళ్ళని బాట మీదే ఉంచండి.

కృష్ణలంక_కుర్రాడు
ఇంత దూరం ఎందుకు, ఊటీ సెయింట్ స్టీఫెన్స్ దగ్గర కదా? అదీ కొండ మీద పాత చర్చే.

కొండదారి
ఊటీది చూడదగిందే. 1831లో తెరిచారు, శ్రీరంగపట్నంలో టిప్పు భవనం నుంచి తెచ్చిన దూలాలు వాడారు. ప్రయాణమూ తేలిక. కానీ అది సున్నం పూత వేసిన గోడల చర్చి, రాయి బయటికి కనబడదు, భూకంపం కథా లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కువైతే ఊటీ వెళ్ళండి. రాతికట్టుడు చూడాలంటే మెక్లియోడ్‌గంజే.

బ్రాడీపేట_4వలైన్
మెక్లియోడ్‌గంజే ఖాయం. ఇప్పుడు నడక సంగతి, గది ఎక్కడ తీసుకోవాలో చెప్పండి అన్నా. ధర్మశాల రోప్‌వే ఎక్కితే చర్చికి దగ్గరా?

కొండదారి
రోప్‌వే (2022లో తెరిచారు, 1.8 కిలోమీటర్లు) మిమ్మల్ని దలైలామా ఆలయం వైపు దింపుతుంది. చర్చి ఊరికి ఇంకో వైపు, ఫోర్సిత్‌గంజ్ రోడ్డు మీద. కాబట్టి చర్చికి రోప్‌వే పనికిరాదు. సరదాకి ఇంకో పూట ఎక్కండి.

గది మెక్లియోడ్‌గంజ్‌లో తీసుకుంటే చౌక్ నుంచి చర్చికి కిలోమీటరు దాటి ఉంటుంది. వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. చాలామంది ఇక్కడే పొరబడతారు: పోయేటప్పుడు హాయిగా నడిచి, తిరిగి రావడానికి ఆయాసపడతారు. పెద్దవాళ్ళని రానూపోనూ ట్యాక్సీలో పంపండి, ట్యాక్సీ వాడితో తిరుగు టైము ముందే మాట్లాడుకోండి. నడిచేవాళ్ళకి ఆ రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు, బస్సులు ఒరుసుకుంటూ పోతాయి. ఒకరి వెనక ఒకరు నడవాలి, మలుపుల దగ్గర సెల్ఫీలు వద్దు. శని, ఆదివారాల్లో పంజాబ్, ఢిల్లీ కార్లన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి.

పొద్దున పదింటికి చేరేలా బయలుదేరండి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వడగళ్ళు పడటం అక్కడ సాధారణం, ఎండ కాస్తోందని స్వెటరూ గొడుగూ గదిలో వదలొద్దు. సాయంత్రం పెట్టుకుంటే అడవిలో చీకటి త్వరగా కమ్ముతుంది, సమాధి రాతలూ రంగుటద్దాలూ రెండూ పోతాయి.

కోతులు గుంపులుగా ఉంటాయి. పచ్చడి సీసా, చేగోడీల ప్యాకెట్ ఉన్న పాలిథీన్ సంచి చేతిలో వేలాడితే లాక్కుపోతాయి. తినేవి జిప్పు సంచిలో వేసి భుజాన వేసుకోండి, ఆవరణలో తెరవకండి. ఘాట్‌లో వాంతులయ్యేవాళ్ళు డాక్టర్ని అడిగి మాత్ర బండెక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. మలుపులు మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు.

రాతికట్టుడు
ఒక పూట మిగిలితే తిరుగు దారిలో కాంగ్రా కోట చూడండి. అదే భూకంపం కొండ అంచున ఉన్న కట్టడాన్ని ఏం చేసిందో అక్కడ తెలుస్తుంది. కోటలో మెట్లు ఎక్కువ, పెద్దవాళ్ళు భూకంపం తర్వాత మళ్ళీ కట్టిన వజ్రేశ్వరి ఆలయంలో దర్శనం చేసుకోవచ్చు, లేదా బండిలో ఉండిపోవచ్చు. ఇంకాస్త దూరం పోగలిగితే బైజనాథ్ శివాలయం, 1204 నాటి శాసనం ఉంది. దెబ్బ తగిలినా పడిపోలేదు.

బ్రాడీపేట_4వలైన్
చాలా సంతోషం అండీ. ట్రావెల్స్ వాళ్ళ కాగితం పక్కన పెట్టాం. బుధవారం పదింటికి చర్చి, ముందు బయట చుట్టూ, తర్వాత గంట, లోపల అద్దాలు, చివర సమాధులు. మరుసటి రోజు కాంగ్రా కోట చూసుకుని పఠాన్‌కోట్. ఆ రోజు రాత్రి రైలు అందుతుందా?

కొండదారి
వరస బాగుంది, ఒక్క మార్పు చేయండి. ఎండ బాగుంటే సమాధులు ముందు, అద్దాలు తర్వాత. మబ్బుగా ఉంటే మీరు రాసినట్టే.

రాత్రి తొమ్మిది దాటిన రైలైతే అందుతుంది. కోట దగ్గర మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బండెక్కేయండి, పఠాన్‌కోట్ దగ్గర సాయంత్రం లారీలు ఆగిపోతాయి. డ్రైవర్‌కి మళ్ళీ చెప్పండి: కంటోన్మెంట్ స్టేషన్.